మన నోటి మాటల్లోనే అరబ్బీ పాఠం

కరీంనగర్ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే చాలు, హుజూరాబాద్, హుస్నాబాద్, సుల్తానాబాద్, ఆదిలాబాద్ అని రాసిన బోర్డులతో బస్సులు వస్తూ పోతూ ఉంటాయి. అరబ్బీ నేర్చుకోవడానికి మా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను మొదటి పాఠం ఈ బోర్డులతోనే మొదలుపెడతాను. పుస్తకం తరువాత తెరుస్తాం.

ఎలగందుల ఖిలాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద కరీంనగర్ వచ్చిందని, బీజాపూరు ఆదిల్‌షాహీ సుల్తాను పేరు మీద ఆదిలాబాద్ వచ్చిందని పెద్దలు చెబుతారు. నగర్ సంస్కృతం, ఆబాద్ ఫారసీ. ముందున్న మాటలు మాత్రం అరబ్బీ. కరీం అంటే ఉదారుడు. ఆదిల్ అంటే న్యాయం చేసేవాడు. రెండు జిల్లాల పేర్లలో రెండు మంచి గుణాలు ఉన్నాయన్న మాట.

ఇప్పుడు పిల్లలను అడుగుతాను: కరీం మాటకు చుట్టాలు ఎవరు? ఇక్రామ్, ముకర్రం, కరామత్ అని వాళ్ళే వెతికి చెబుతారు. అన్నిటిలోనూ కాఫ్, రే, మీమ్ అనే మూడు అక్షరాలు వరుస తప్పకుండా ఉంటాయి. ఆదిల్‌కు చుట్టం అదాలత్. లోక్ అదాలత్ అనే మాట ప్రతి మండలంలోనూ వినిపించేదే. హుజూరాబాద్‌లోని హుజూర్‌కు చుట్టాలు హజ్రత్, హాజర్. బడిలో టీచరు పిలిచే హాజరు పట్టీలోని హాజరు అదే. హుస్నాబాద్‌లోని హుస్న్‌కు హసన్, హుసేన్, ఎహ్సాన్, మొహ్సిన్ అందరూ బంధువులే. ఇంతసేపూ వ్యాకరణం అనే మాట ఎత్తకుండానే పిల్లలు అరబ్బీ భాషాశాస్త్రంలోని అసలు సూత్రం పట్టేశారు.

మట్టి ఒకటే, అచ్చులు వేరు

అరబ్బీలో ఎక్కువ మాటలకు మూడు హల్లులు మూలం. దీన్ని ఉర్దూలో మాద్దా అంటాం. ఆ మూడు హల్లుల చుట్టూ అచ్చులు, అదనపు అక్షరాలు చేర్చితే కొత్త మాటలు పుడతాయి. చేర్చే పద్ధతిని వజన్ అంటారు. ఇటుకల బట్టీలో మట్టి ఒకటే, పోసే అచ్చును బట్టి ఇటుక ఆకారం మారుతుంది. మాద్దా మట్టి, వజన్ అచ్చు అనుకోండి.

కాఫ్, తే, బే తీసుకుందాం. ఇది రాతకు సంబంధించిన మాద్దా. రాసేవాడు కాతిబ్, రాసినది మక్తూబ్, పుస్తకం కితాబ్, రాసే చోటు మక్తబ్. ఇప్పుడు అదే అచ్చుల్లో వేరే మట్టి పోయండి. జులుం చేసేవాడు జాలిం, జులుంకు గురైనవాడు మజ్లూం. కాతిబ్, జాలిం, ఆదిల్ ఒక అచ్చు. మక్తూబ్, మజ్లూం, మహబూబ్ ఇంకొక అచ్చు. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పేర్లలోని మహబూబ్ అంటే ‘ప్రేమించబడినవాడు’ అని ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. మక్తబ్ అచ్చులో చోట్లు వస్తాయి. సజ్దా చేసే చోటు మస్జిద్, కూర్చునే చోటు మజ్లిస్, ప్రయాణంలో దిగే చోటు మంజిల్. తెలుగు కథల్లో బాటసారులు చేసే మజిలీ ఈ మంజిల్ నుంచి వచ్చిందే.

తెలుగు ఆఫీసు భాషలో ‘అమలు’ ఉంది, ‘మామూలు’ ఉంది. రెండూ ఐన్, మీమ్, లామ్ అనే ఒకే మాద్దా నుంచి వచ్చాయి. అమల్ అంటే చేయడం, మామూల్ అంటే చేస్తూ వచ్చినది, వాడుకగా మారినది. చట్టం అమలు కావాలంటే మామూళ్ళు ఇవ్వాలని జనం వాపోతుంటారు. ఆ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలని తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మోతుబరి రైతు

అరబ్బీ అంటే మస్జిదులోనూ మదర్సాలోనూ ఉండేదని, తెలుగు అంటే పొలంలోనూ అంగట్లోనూ ఉండేదని మనలో చాలామంది అనుకుంటారు. ‘మోతుబరి రైతు’ అనే మాట చూడండి. ఇంతకంటే పల్లెటూరి తెలుగు ఏముంటుంది? మోతుబరి అరబ్బీలోని ముఅతబర్, అంటే నమ్మదగినవాడు, పరపతి గలవాడు. ఏతిబార్ అనే ఉర్దూ మాటకు ఇది సొంత చుట్టం. రైతు రఅయ్యత్ నుంచి వచ్చింది. దాని మాద్దాకు మేపడం, కాపాడడం అని అర్థం. రాయీ అంటే కాపరి, రఅయ్యత్ అంటే అతని కాపుదలలో ఉన్నవారు. పాలకుని కాపుదలలో ఉన్న ప్రజలు అనే అర్థం నుంచి, శిస్తు కట్టి భూమి దున్నేవాడు అనే అర్థానికి మాట దిగింది.

ఆ రైతు భూమిని కౌలుకు ఇస్తాడు. ఖౌల్ అంటే అరబ్బీలో మాట. ఇచ్చిన మాట మీద నడిచే ఒప్పందం కాబట్టి కౌలు. ప్రభుత్వం ఇచ్చే తకావీ అప్పులోని మాట తఖ్వియత్, అంటే బలం చేకూర్చడం. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరదృతువు, రబీ అంటే వసంతం. జూన్‌లో విత్తే పంటకు శరత్తు పేరెందుకని పిల్లలు అడుగుతారు. ఈ పేర్లు పంట కోతకు వచ్చే కాలాన్ని చెబుతాయి. మన వానకాలం అనే మాట విత్తే కాలాన్ని చెబుతుంది. ఒకే పంటకు ఒక భాష మొదలు చూసి పేరు పెట్టింది, ఇంకొక భాష చివర చూసి పెట్టింది.

ఆ భూమి చివరికి వారసునికి చేరుతుంది. వారిస్‌కు తెలుగు ‘డు’ చేరి వారసుడయ్యాడు. మిరాసీ హక్కులోని మిరాసు కూడా అదే మాద్దాకు చెందినది. ఒకదానిలో ‘వ’ ఉంది, రెండోదానిలో లేదు కదా, ఎలా? మీరాస్ అసలు రూపం మివ్రాస్. ఇకారం తరువాత పొల్లు వావ్ వస్తే అది ఈకారంగా మారుతుంది. వజన్ నుంచి మివ్జాన్ పుట్టి మీజాన్‌గా మారినట్టే. ఇది సర్ఫ్ శాస్త్రంలో మొదటి సంవత్సరం నేర్పే సూత్రం. తెలుగులో సంధి సూత్రాలు చదివిన పిల్లవాడికి ఇది కొత్తగా అనిపించదు.

ఈ మాటలను మనకంటే ముందు ఒక తెల్లదొర శ్రద్ధగా ఏరాడు. సి.పి. బ్రౌన్ 1852లో జిల్లా కచ్చేరీల్లో వాడే మాటలకు ఒక నిఘంటువు, 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు మరొక నిఘంటువు మద్రాసులో అచ్చు వేయించాడు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ (1937) రాసిన చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించిన తొలి పండితుడు కావడం కూడా గమనించదగిన విషయం. భాష మూలాలు వెతికేవాడికి మతం పేరుతో గోడలు అడ్డం రావు.

పరాయివారు కట్టిన వ్యాకరణం

మా కాలంలో మదర్సాలో అరబ్బీ చదువు మీజానుస్సర్ఫ్‌తో మొదలయ్యేది. తరువాత నహ్వమీర్, హిదాయతున్నహ్వ్, ఆపైన కాఫియా, షర్హె జామీ. సర్ఫ్ చదువులకు తల్లి, నహ్వ్ తండ్రి అని ఉస్తాదులు చెప్పేవారు. సర్ఫ్ మాట పుట్టుకను చెబుతుంది, నహ్వ్ వాక్యంలో మాట స్థానాన్ని చెబుతుంది. తెల్లవారుజామున వరుసగా కూర్చుని ఫఅల, ఫఅలా, ఫఅలూ అని పద్నాలుగు రూపాల గర్దాన్ ఊగుతూ వల్లించేవాళ్ళం. మీజాన్, నహ్వమీర్ ఫారసీలో ఉండేవి, వివరణ ఉర్దూలో జరిగేది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు మూడు భాషలు దాటి నాలుగోదాన్ని చేరుకోవాలి. సగం మంది మధ్యలోనే ఆగిపోయేవారు. వాళ్ళకు తెలివి లేక కాదు, దారి అంత చుట్టు తిరుగుడు.

నిజానికి తెలుగు నుంచి అరబ్బీకి దగ్గరి దారి ఉంది. జైద్ అమ్ర్‌ను కొట్టాడు అనేది నహ్వ్ పుస్తకాలన్నిటిలో కనిపించే ఉదాహరణ. అరబ్బీలో ‘జరబ జైదున్ అమ్రన్’. చివరి ‘ఉన్’ కొట్టినవాణ్ణి, ‘అన్’ దెబ్బ తిన్నవాణ్ణి చూపుతుంది. పేర్ల స్థానం మార్చినా అర్థం చెడదు. తెలుగులో ‘అమ్రును జైదు కొట్టాడు’ అన్నా అంతే కదా. విభక్తి ప్రత్యయాలతో పుట్టి పెరిగినవాడికి ఏరాబ్ అర్థం కావడానికి ఒక పూట చాలు. చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) తిరగేసిన తెలుగు మాస్టారు ఒకాయనకు నేను దీన్ని వివరిస్తే పావుగంటలో పట్టుకున్నారు.

ఇంకొక సంగతి మన పిల్లలకు ధైర్యం ఇవ్వాలి. అరబ్బీ వ్యాకరణానికి తొలి పెద్ద గ్రంథం ‘అల్ కితాబ్’ రాసిన సీబవైహి అరబ్బు కాడు, ఇరాన్ దేశస్థుడు. బస్రాకు వచ్చి చదువుకుని ఎనిమిదో శతాబ్దం చివరలో ఆ గ్రంథం రాశాడు. పుట్టుకతో భాష వచ్చినవాడు మాట్లాడుకుంటూ పోతాడు. నేర్చుకోవలసి వచ్చినవాడు ఆగి, ఇది ఇలా ఎందుకుందని అడుగుతాడు. వ్యాకరణం ఆ ప్రశ్నలోనే పుడుతుంది.

సీబవైహి గురువు ఖలీల్ బిన్ అహ్మద్. ఆయన ‘కితాబుల్ ఐన్’ అనే నిఘంటువును అలిఫ్, బే వరుసలో పెట్టలేదు. శబ్దం నోటిలో ఎక్కడ పుడుతుందో చూసి, గొంతు లోతున పుట్టే ఐన్‌తో మొదలుపెట్టి పెదవుల దాకా వచ్చాడు. మన తెలుగు వర్ణమాల హల్లులు కూడా కంఠంలో ‘క’తో మొదలై పెదవుల మీది ‘ప’ వర్గానికి వస్తాయి. పలకమీద క, చ, ట, త, ప దిద్దిన పిల్లవాడికి అక్షరాల మఖ్రజ్ అనే పాఠం సగం వచ్చేసినట్టే.

ఒకే ‘జ’, నాలుగు అక్షరాలు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ మధ్య అరబ్బీ సూరాలను తెలుగు లిపిలో అచ్చువేసిన పుస్తకాలు ఇంటింటా కనిపిస్తున్నాయి. ఉద్దేశం మంచిదే. అయితే అరబ్బీలోని జాల్, జే, జాద్, జో నాలుగూ తెలుగులో ఒక్క ‘జ’ అయిపోతాయి. సే, సీన్, సాద్ మూడూ ‘స’ అవుతాయి. రెండు ‘హ’లు ఒకటవుతాయి. ఐన్ పూర్తిగా మాయమవుతుంది. రెండు చుక్కల ఖాఫ్‌తో ఖల్బ్ అంటే హృదయం, చిన్న కాఫ్‌తో కల్బ్ అంటే కుక్క. గొంతు కొసన పుట్టవలసిన ఆ ఖాఫ్‌ను రాయడానికి తెలుగులో అక్షరం లేదు. నేను ఇక్కడ ‘ఖ’ వాడుతున్నది మన దక్కనీ అలవాటు కొద్దీ.

ఉర్దూ వచ్చినవారు దీన్ని చూసి గర్వపడనక్కరలేదు. ఉర్దూలో నాలుగు ‘జ’లూ రాతలో వేరుగా ఉన్నాయి, మన నాలుక మీద మాత్రం ఒకటే. ఖాఫ్‌ను దక్కనీవాళ్ళం అందరం ‘ఖే’గానే పలుకుతాం. ఖబ్ర్ అంటే సమాధి, ఖబర్ అంటే వార్త, మనం మాట్లాడితే రెండూ ఒకలాగే వినిపిస్తాయి. కాబట్టి ఉర్దూ పిల్లవాడికైనా తెలుగు పిల్లవాడికైనా శబ్దం కొత్తగానే నేర్పాలి. సీబవైహి 16 పుట్టుక స్థానాలు లెక్కించాడు, తజ్వీద్ పుస్తకాల్లో 17 అని సాధారణంగా చెబుతారు. నాలుక కొన ఎక్కడ తగలాలో, గాలి ఎక్కడ ఆగాలో ఆ స్థానాలను తెలుగులో వివరించి చెబితే పిల్లలు త్వరగా అందుకుంటారు. ఇది నా అనుభవం.

ఒక కాగితం కథ

ఇదంతా పండితుల ముచ్చట అనుకునేవారి కోసం ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం జగిత్యాల వైపు పల్లె నుంచి ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. గల్ఫ్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చినవాడు. జేబులోంచి మడతలు పడ్డ అరబ్బీ కాగితం తీశాడు.

“మౌల్సాబ్, ఇండ్ల ఏం రాసున్నదో జర సదివి చెప్పుండ్రి. నేను సంతకం చేసిన కాయితమే. మాట్లాడితే అంతా సమజైతది గని, సదువుడు రాదు” అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. కాఫియా చదివిన నా కళ్ళు మొదట ఆ వాక్యంలో ముబ్తదా ఎక్కడ, ఖబర్ ఎక్కడ అని వెతికాయి. ఏరాబ్ అంతా చెప్పగలను. శీర్షికలో ఉన్న ‘ముఖాలసా’ అనే మాటకు ఇప్పటి దఫ్తరు భాషలో అర్థం మాత్రం వెంటనే తట్టలేదు. నిఘంటువు తీశాక తెలిసింది. అది లెక్కల చివరి పరిష్కార పత్రం. తనకు రావలసిన ‘ముస్తహక్కాత్’ అన్నీ ముట్టాయని, యజమాని మీద ఇక ఏ ‘ముతాలబా’ లేదని ఆ తమ్ముడు ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉంది. అతనికి ముట్టింది ఒక నెల జీతం, విమానం టికెట్టు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం ముగిసినందుకు రావలసిన సొమ్ము రాలేదు.

నేను చదివి చెబుతుంటే అతను నేల చూస్తూ విన్నాడు. చివరికి, “హక్కులన్నీ ఖలాస్ అని నేనే రాసిచ్చిన్నన్నట్టు” అన్నాడు.

ఆ మాట నన్ను కుదిపేసింది. అతను తెలియకుండానే మాద్దాలు సరిగ్గా పట్టుకున్నాడు. ముఖాలసాలో ఉన్నది ఖలాస్. ముస్తహక్కాత్‌లో ఉన్నది హక్కు. ముతాలబాలో ఉన్నది తలబ్, తెలుగులో మతలబు. మూడు మాటలూ అతను పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నవే. కాగితం మీద అవి వేరే అచ్చులో పోసి ఉన్నాయి కాబట్టి గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుపట్టి ఉంటే కలం కిందపెట్టి ‘ఏ హక్కు?’ అని ఒక ప్రశ్న అడిగేవాడేమో.

సంతకం అయిపోయిన కాగితానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అప్పటి నుంచి మా పాఠం మాత్రం మారింది.

రెండు అరబ్బీలు

ఆ తమ్ముడు నాకు నేర్పిన పాఠాలూ ఉన్నాయి. అక్కడికి వెళ్ళిన కొత్తలో యజమానిని డబ్బు అడిగితే ‘ఫులూస్ మాఫీ’ అన్నాడట. “బాకీ మాఫ్ చేసిండనుకొని ఖుషీ అయిన మౌల్సాబ్” అని నవ్వాడు. అక్కడి ‘మా ఫీ’ రెండు మాటలు, అర్థం ‘లేదు’ అని. మన రుణమాఫీలోని మాఫీ వేరే, అది క్షమించడమనే అఫ్వ్ నుంచి వచ్చింది. అలాగే అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు, మనకు గరీబు అంటే పేదవాడు. ముద్దయీ అంటే దావా వేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. మాట ఒక భాష నుంచి ఇంకో భాషకు నడిచి వచ్చేటప్పుడు ఒక్కోసారి కోర్టులో అవతలి వైపుకు వెళ్ళి నిలబడుతుంది. కాబట్టి చుట్టరికం చూసి అర్థం ఊహించాలి, తరువాత తప్పక సరిచూసుకోవాలి.

గల్ఫ్‌లో ఖహ్వాను గహ్వా అంటారు. మాట చివరి ‘ఉన్’, ‘అన్’లు మాట్లాడేటప్పుడు వినిపించవు. కితాబులలోని ఫుస్హా వేరు, వీధిలోని ఆమ్మియా వేరు. చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త 1959లో ఒకే సమాజంలో ఇలా రెండు భాషారూపాలు ఉండడం గురించి రాసినప్పుడు ఎంచుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. తెలుగువారికి ఇది వింత కాదు. గ్రాంథికం, వ్యావహారికం అని గిడుగు రామమూర్తి గారి కాలంలో మనం పెద్ద పోరాటమే చూశాం.

గల్ఫ్ కార్మికులు ‘అకామా’ అనే నివాస పత్రం మాట చూడండి. అది ఇఖామా. నమాజు నిలబడే ముందు చెప్పే ఇఖామత్ కూడా అదే మాట. నిలబడడం, నిలకడగా ఉండడం దాని మూలార్థం. ఖియాం, ఖౌమ్ దాని చుట్టాలు. తెలుగులో ‘ఇక్కడే మకాం’, ‘ఉద్యోగం ఖాయం’ అంటాం, ఆ రెండు మాటలూ ఆ ఇంటివే.

మన చేతిలో ఉన్న పని

అరబ్బీ చదువుకు హైదరాబాద్ పేరున్న చోటు. 1876లో జామియా నిజామియా, 1888లో దాయిరతుల్ మఆరిఫ్, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. పదో శతాబ్దపు భాషావేత్త ఇబ్న్ దురైద్ రాసిన ‘జమ్హరతుల్లుగా’ నిఘంటువును 1920లలో అచ్చుకెక్కించింది దాయిరతుల్ మఆరిఫే. ఈ నేల మీద అచ్చయిన అరబ్బీ పుస్తకాలు అరబ్బు దేశాల పండితులు వాడుకున్నారు. ఇప్పుడు ఇఫ్లూలోనూ, 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అరబ్బీ శాఖలు ఉన్నాయి. పై చదువుకు దారి ఉంది. ఆ దారి దాకా పల్లె పిల్లవాణ్ణి నడిపించే మెట్టు మాత్రం మన మక్తబ్‌లలో కట్టాలి.

అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఇంట్లో భోజనాల దగ్గర పిల్లలకు ఒక మాట ఇచ్చి దాని చుట్టాలను వెతకమనండి. వకీలు అంటే వకాలత్, తవక్కుల్ అని వాళ్ళే చెబుతారు. పని అప్పగించడం ఒకటి, అల్లాహ్‌కు అప్పగించుకోవడం ఒకటి అని మీరు కలపండి. మక్తబ్ ఉస్తాదులు సర్ఫ్ సూత్రాన్ని పిల్లల భాషలో, తెలుగులోనే చెప్పండి. ఉర్దూ మీద ప్రేమ తగ్గదు. గల్ఫ్ నుంచి వచ్చినవారిని వారానికి ఒక రోజు పిలిచి పిల్లలతో మాట్లాడించండి. వారికి వచ్చింది మనకు రాదు, మనకు వచ్చింది వారికి రాదు. ఇక ఏ దేశం వెళ్ళేవారైనా తెలియని భాషలోని కాగితం మీద, చదివినవారికి చూపించకుండా సంతకం పెట్టకండి. ఇప్పుడు ఫోనులో ఫోటో పంపితే చదివి చెప్పేవారు ప్రతి పట్టణంలో ఉన్నారు.

ఆ తమ్ముడు తిరిగి వెళ్ళే ముందు నలభై రోజులు అస్ర్ నమాజు తరువాత మా మక్తబ్‌లో చిన్నపిల్లల వెనక వరుసలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. అలిఫ్, బే అయ్యాక ఏ మాటతో మొదలుపెడదామని అడిగాను. పలక తీసుకుని తనే అన్నాడు, “హక్కు రాసి చూపుండ్రి మౌల్సాబ్” అని. రెండే అక్షరాలు. రాసి చూపించాను.